పెద్ద ఫైలు పంపగానే రీబూట్ అయ్యే యూఎస్‌బీ మోడెం: అసలు కారణం దొరికింది

ఎట్టకేలకు నిన్న రాత్రి ఒక గిగాబైటుకు పైబడిన బ్యాకప్, మధ్యలో ఎక్కడా తెగకుండా, ఈ 4జీ డాంగిల్ (యూఎస్‌బీ మోడెం) మీదుగా సర్వరుకు చేరింది. చాలా కాలంగా నన్ను వేధించిన సమస్య కావడంతో, పూర్తయినట్లు తెరమీద చూసినప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. డెస్క్‌టాపులో డెబియన్ 12 లైనక్స్ ఉంది. తగిలించగానే మొదట సీడీ డ్రైవులా కనబడే ఈ డాంగిల్‌ను యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాము మోడెం రూపానికి మార్చింది, ఆప్షన్ డ్రైవరు మూడు సీరియల్ పోర్టులను చూపించింది, మోడెంను నడిపే మోడెం మేనేజరు ప్రోగ్రాము సిమ్‌ను గుర్తించింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా అప్‌లోడ్‌తోనే వచ్చింది. వెబ్ పేజీలు తెరిచినా, వీడియోలు చూసినా నిలకడగా ఉండే కనెక్షన్, పెద్ద ఫైలు పంపడం మొదలుపెట్టిన నిమిషం, రెండు నిమిషాల్లో తెగిపోయేది. ఆ క్షణంలో కెర్నల్ లాగు ఎప్పుడూ ఒకే వరుసలో కనిపించేది: ముందు యూఎస్‌బీ పరికరం విడిపోయిందన్న పంక్తి, కొన్ని సెకన్ల తరువాత కొత్త నంబరుతో కొత్త పరికరం వచ్చిందన్న పంక్తి, ఆ వెంటనే సీడీ డ్రైవు కనబడిందన్న పంక్తి, మళ్ళీ విడిపోవడం, చివరికి మూడు సీరియల్ పోర్టులు. కనెక్షన్ నడిపే పీపీపీ ప్రోగ్రాము పాత పోర్టును ఇంకా వదలకపోవడం వల్ల కొత్త పోర్టులు సున్నాకు బదులు వేరే అంకె నుంచి మొదలయ్యేవి. దాంతో పాత అంకెను నమ్ముకున్న స్క్రిప్టు మోడెంను మళ్ళీ అందుకోలేకపోయేది.

మొదటి అనుమానం, వాడని పరికరాన్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ ఆటోసస్పెండ్ మీదకు పోయింది. ఆ పరికరం పవర్ కంట్రోల్ ఫైలులో ‘ఆటో’ తీసేసి ‘ఆన్’ అని రాసినా ఫలితం మారలేదు. రెండో అనుమానం మోడెం మేనేజరు పోర్టులను పదేపదే పరీక్షించడం గురించి. దాన్ని పూర్తిగా ఆపివేసి పీపీపీతో నేరుగా కనెక్ట్ చేసినా అదే తీరు. డాంగిల్ వేడెక్కుతోందేమోనని ఫ్యాను గాలి తగిలేలా పెట్టి చూసినా తేడా రాలేదు. దారి చూపించింది మాత్రం లాగులోని ఆ సీడీ డ్రైవు పంక్తే. యూఎస్‌బీ బస్సు మాత్రమే రీసెట్ అయి ఉంటే పరికరం మోడెం రూపంలోనే తిరిగి రావాలి. అది సీడీ డ్రైవుగా తిరిగి వస్తోందంటే లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మొదటి నుంచి బూట్ అవుతున్నదన్నమాట, అంటే దానికి అందే కరెంటు ఒక్క క్షణమైనా చాలడం లేదన్నమాట. లైనక్స్ సెట్టింగులలో వెతకడం మానేసి యూఎస్‌బీ మీటరు తీసింది అప్పుడే.

డాంగిల్ కంప్యూటరు కేబినెట్ దగ్గర ఉన్నప్పుడు, సిగ్నల్ బలం చెప్పే ఏటీ+సీఎస్‌క్యూ కమాండు 9 చూపిస్తుంది, అంటే మైనస్ 95 డీబీఎం (సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ). కిటికీ దగ్గర పెడితే 21, అంటే మైనస్ 71 డీబీఎం. ఇంత తేడా ఉన్నందువల్లే మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబులుతో దాన్ని కిటికీ దాకా తీసుకువెళ్ళాను. వెనుక పోర్టు దగ్గర వోల్టేజి 5.07 ఉండగా, కేబులు చివర, డౌన్‌లోడ్ సమయంలో 0.31 ఆంపియర్ల దగ్గర 4.66 వోల్టులు, అప్‌లోడ్ సమయంలో 0.48 ఆంపియర్ల దగ్గర 4.45 వోల్టులు నమోదయ్యాయి. అదే కేబులును ముందు పోర్టుకు తగిలిస్తే, కేబినెట్ లోపలి సన్నని తీగల వల్ల కాబోలు, 4.36కు పడిపోయింది. మీటరు చూపేది సగటు మాత్రమే కాబట్టి, క్షణికమైన పతనాలు అంతకన్నా లోతుగానే ఉంటాయి.

ఈ అంకెలు లెక్కకు సరిగ్గా సరిపోతున్నాయి. సన్నని కేబుళ్ళలో కరెంటు తీగలు తరచుగా 28 గేజివే (గేజి అంకె పెరిగిన కొద్దీ తీగ సన్నం) ఉంటాయి, వాటి నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓములు. పోను మూడు, రాను మూడు మీటర్లు కలిపితే దాదాపు 1.28 ఓములు. దానిలో 0.48 ఆంపియర్లు పారితే 0.61 వోల్టులు కేబులులోనే ఖర్చయిపోతాయి. 24 గేజి తీగలైతే నిరోధం అర ఓము, నష్టం పావు వోల్టు లోపే. అప్‌లోడ్ సమయంలో మోడెం రేడియో ప్రసారం చేస్తుంది కాబట్టే కరెంటు ఎక్కువ లాగుతుంది. 4జీలో ఫోనుగానీ మోడెంగానీ గరిష్ఠంగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. 900 మెగాహెర్ట్జ్ 2జీకి దిగిందంటే అది 33 డీబీఎం దాకా, అంటే రెండు వాట్ల దాకా పోగలదు, అదీ 577 మైక్రోసెకన్ల చిన్న చిన్న విసుర్లుగా. కొన్నిసార్లు అప్‌లోడ్ లేకుండానే మోడెం రీబూట్ కావడానికి, నెట్‌వర్కు 2జీకి దిగడమే కారణమై ఉంటుందని నా ఊహ.

24 గేజి కరెంటు తీగలున్న అదే పొడవు కేబులు పెట్టి వెనుక పోర్టుకు కలిపితే, అప్‌లోడ్ సమయంలో 4.79 వోల్టులు నిలిచాయి, మోడెం ఆ తరువాత రీబూట్ కాలేదు. సొంత అడాప్టరు ఉన్న హబ్బును కిటికీ దగ్గర పెట్టినా ఇదే ఫలితం వచ్చింది. కేబులు చివర పెద్ద కెపాసిటరు తగిలించమని కొందరు సూచిస్తారు గానీ, తగిలించిన క్షణంలో యూఎస్‌బీ ప్రమాణం అనుమతించే 10 మైక్రోఫారడ్‌లను మించిన భారం పోర్టు మీద పడుతుంది, కాబట్టి ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు. కేబులు కొనేటప్పుడు దాని మీద గేజి ముద్రించి లేకపోతే కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

హువావే ఈ3372 లాంటి హైలింక్ మోడళ్ళు నెట్‌వర్కు కార్డుగా కనిపించి, 192.168.8.1 చిరునామాలో తమ పేజీ చూపించి, లైనక్స్‌లో ఏ శ్రమా లేకుండా పనిచేస్తాయి. అయినా నేరుగా ఏటీ కమాండ్లు పంపగల పోర్టు ఉంటేనే ఇలాంటి చిక్కుముడులు విప్పగలం కాబట్టి, నా ఓటు ఇప్పటికీ సీరియల్ పోర్టులున్న మోడెంకే. పాత డయలింగ్ ప్రోగ్రాము డబ్ల్యూవీడయల్ మాత్రం ఇక వాడను, మోడెం మేనేజరు ఆ పనిని ఎంతో మెరుగ్గా చేస్తోంది.

ఇక చేయవలసిన పనులు రెండున్నాయి. అనుమతించిన మోడ్‌లను మోడెం మేనేజరు కమాండు ఎంఎంసీఎల్ఐ ద్వారా 4జీకే పరిమితం చేసి, 2జీ గురించిన నా ఊహ నిజమో కాదో తేల్చుకోవాలి. పోర్టు అంకెలకు బదులు డెవ్ కింద సీరియల్ బై-ఐడీలో ఉండే స్థిరమైన పేర్లను స్క్రిప్టులో వాడాలి. ఆ రెండూ అయ్యాక, పీపీపీని వదిలి క్యూఎంఐ అనే మరో కనెక్షన్ పద్ధతికి మారగల మోడెంను ప్రయత్నించి, అదే మందపు కేబులు మీద అప్‌లోడ్ వేగంలో ఎంత తేడా వస్తుందో కొలుస్తాను.