బీరువా తలుపు మీది పెన్సిల్ అంకెలు

పదకొండున్నరైంది, నిద్ర రావట్లేదు. మా చీరల కొట్లో బీరువా తలుపు లోపలివైపు నేను పెన్సిల్‌తో రాసుకున్న అంకెల మీద మా తోడికోడలు ఇవాళ ప్రింటు కాగితం అంటించింది. నాలుగు అంచులా టేపు వేసింది, గోటితో గీరినా రాదు.

ఆ అంకెలు 2017వి. జులై 1న జీఎస్టీ వచ్చింది, చీరల మీద 5 శాతం. ఆషాఢం తగ్గింపుల్లో పాత సరుకు కదులుతోంది, శ్రావణానికి కొత్తది కావాలి, అక్కడ చూస్తే సూరత్ వ్యాపారులు ఆ పన్ను వద్దంటూ కొట్లు మూసుకు కూర్చున్నారు. మామయ్యగారు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేయడం, ఖాళీ అరలకేసి చూడటం. చివరికి ఈయన విజయవాడలో వస్త్రలత హోల్‌సేల్ కొట్లకి వెళ్ళి దొరికినవి దొరికినట్టు మూటలు కట్టించుకొచ్చి, బిల్లులన్నీ నా ముందు పడేశారు. ఒళ్ళో పాలు తాగే పిల్లాడు. వాణ్ణి ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సింథటిక్ 5407, నూలు 5208 అని ఏ రకం బట్టకి ఏ పన్ను కోడో తలుపు మీద రాసుకున్నాను. ఒక్కరూ నేర్పలేదు. ఆ నెల జీఎస్టీ రిటర్ను వేసిన రాత్రి నాకు ఏడుపొచ్చింది.

మరిది పెళ్ళై మూడు నెలలే. మామయ్యగారు మొన్న ఆడిటర్ దగ్గరికి వెళ్ళొచ్చి, "చిన్నమ్మాయి బీకాం చదివింది, భాగస్తురాలిగా చేరుద్దాం" అన్నారు. వేరే ఒప్పందం లేకపోతే, 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఉన్న భాగస్తులంతా ఒప్పుకోవాలట. అంటే మామయ్యగారు, ఈయన, మరిది. ముగ్గురూ సరేనన్నారు. నేను పక్కనే కూర్చుని చీరకి ఫాల్ కుడుతున్నాను. నన్నెందుకు అడుగుతారు, నా పేరు అందులో లేదుగా. ఈయనకైనా ఆ మాట తట్టొద్దూ! పదకొండేళ్ళండీ! బోణీ బేరం నుంచి గల్లాపెట్టె లెక్క దాకా చూశాను.

సాయంత్రం దాకా ఆ పిల్ల మీదే కోపం పెట్టుకుని తిరిగాను, అన్నం కూడా విడిగా తిన్నాను. ఇది రాస్తుంటే గుర్తొస్తోంది, పొద్దున "అక్కా, ఇక్కడ అంటించనా?" అని అడిగింది. నేనే, తలెత్తకుండా, అంటించు అన్నాను. కింద ఏముందో తనకేం తెలుసు? మధ్యాహ్నం ఒక బిల్లులో పన్ను రెండుసార్లు పడిందని పట్టుకుంది కూడా, నా కంటికి ఆనలేదు అది. కొట్లో కాలు పెట్టిన వారానికే "నా పేరు ఎక్కడుంటుంది మామయ్యా?" అని అడిగిన పిల్ల. అప్పుడు నాకు పొగరనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు. అడగాల్సిన మాటే అడిగింది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

భాగస్తుల ఒప్పంద పత్రం, అదే డీడ్, ఎలాగూ తిరగరాస్తున్నారు. ఎల్లుండి 20వ తారీకు, రిటర్ను నేనే వేయాలి.

పక్క గదిలో లైటు వెలుగుతోంది, ఈయన ఇంకా పడుకోలేదు. వెళ్ళి అడిగేస్తాను.