స్లౌ కౌన్సిల్ ఎన్నికల్లో కౌంటింగ్ ఏజెంట్‌గా నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఎన్నికలంటే తలుపు సందులోంచి పడే కరపత్రాలే. "మనకు ఓటెక్కడిది, పాస్‌పోర్ట్ ఇండియాదే కదా" అంటారు. కానీ ఓటు ఉంది. భారత్ కామన్వెల్త్ దేశం. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటూ ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకుంటే కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. నేను వర్క్ వీసా మీద ఉండగానే వేశాను. లండన్‌కి పడమటన ఉన్న మా ఊరు స్లౌలో 2023 మే 4న జరిగిన బరో కౌన్సిల్ ఎన్నికల్లో మాత్రం ఓటు వేసి ఊరుకోలేదు, కౌంటింగ్ హాల్‌కి కూడా వెళ్లాను.

దానికి కారణం కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక అన్న. బంధువు కాదు, బతుకమ్మ పండగల దగ్గర పరిచయం. మా వార్డులో అభ్యర్థిగా నిలబడ్డాడు. ఏ పార్టీ అన్నది చెప్పను, చెబితే సగం మంది మిగతాది చదవరు. "చెల్లె, లెక్కింపు కాడ మనోళ్లు ఉండాలె. అకౌంట్స్ పని చేస్తవ్ కదా, నువ్వైతే మంచిగ పట్టుకుంటవ్" అన్నాడు. కౌంటింగ్ ఏజెంట్ కావడానికి పరీక్షలేమీ లేవు. అభ్యర్థి తరఫున పేరు రాసి రిటర్నింగ్ ఆఫీసర్‌కి ముందుగా ఇస్తే చాలు. ఆ మాటకొస్తే అభ్యర్థి కావడం కూడా పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. కౌన్సిలర్ ఎన్నికకు డిపాజిట్ లేదు, నామినేషన్ మీద వార్డు ఓటర్లు ఇద్దరు సంతకం పెట్టాలి, అంతే.

ఆ ఏడాది మా ఊళ్లో ఎన్నికలు మామూలువి కావు. స్లౌ కౌన్సిల్ 2021 జూలైలో సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. అంటే ఖర్చులకు సరిపడా డబ్బు లేదని కౌన్సిలే ఒప్పుకోవడం, దివాలాకి దగ్గరి మాట. లండన్ నుంచి ప్రభుత్వం కమిషనర్లను పంపింది. ఆస్తులు అమ్మకానికి పెట్టారు. 2023 ఏప్రిల్ నుంచి కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను లాంటిది) 9.99 శాతం పెరిగింది. మిగతా కౌన్సిళ్లలో చాలావాటికి 4.99 శాతమే పరిమితి, మాకు ప్రత్యేక అనుమతి తెచ్చి మరీ పెంచారు. అన్నతో కలిసి తలుపులు తట్టినప్పుడు జనం ప్రపంచ రాజకీయాలు మాట్లాడలేదు. టాక్స్ బిల్లు చూపించారు. తర్వాత ఇంటి ముందు పార్కింగ్, సందు చివర ఎవరో పడేసి పోయిన పరుపులు.

ఇంకో మార్పు కూడా జరిగింది. అంతకుముందు విడతలవారీగా కొన్ని సీట్లకే ఎన్నిక ఉండేది. ఈసారి మొత్తం 42 సీట్లకూ ఒకేసారి. వార్డులు కొత్తగా గీసి 21 చేశారు, ఒక్కో దానికి ఇద్దరు కౌన్సిలర్లు. అంటే ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. ఈ రెండో ఓటే తర్వాత మా కథంతా నడిపించింది.

పోలింగ్ రోజు గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫొటో ఐడీ చూపించడం ఇంగ్లండ్ అంతటా తప్పనిసరి కావడం అదే మొదటిసారి. మన ఇండియా పాస్‌పోర్ట్ చెల్లింది, ఇక్కడి నివాస అనుమతి కార్డు బీఆర్‌పీ కూడా చెల్లింది. వేలికి సిరా లేదు, యంత్రం లేదు. ఒక పెన్సిలు, ఒక కాగితం. పెన్సిలుతో ఓటేమిటని మా అత్తయ్య వీడియో కాల్‌లో నవ్వింది.

కౌంటింగ్ హాల్లోకి అడుగు పెట్టగానే ముందు రహస్యం పాటించాలన్న నిబంధనల కాగితం చేతికిచ్చారు. ఏ కాగితం మీద ఎవరికి ఓటు పడిందో బయట చెప్పకూడదు, ఓటరు ఎవరో పోల్చే ప్రయత్నం చేయకూడదు. వరసగా టేబుళ్లు. అవతల లెక్కించే సిబ్బంది, ఇవతల మేము. కాగితం మీద వేలు కూడా వేయకూడదు, కానీ ఎంతసేపైనా చూడొచ్చు. ప్యాడ్‌లు పట్టుకుని, గుండెల మీద పార్టీ రంగుల రిబ్బన్ పువ్వులు పెట్టుకుని అన్ని పార్టీల వాళ్లూ భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. నిన్నటి దాకా కరపత్రాల్లో తిట్టుకున్నవాళ్లు ఒకరికొకరు బిస్కెట్లు ఇచ్చుకుంటున్నారు.

మొదటి దశ వెరిఫికేషన్. పెట్టె సీలు తీసి కాగితాలు టేబుల్ మీద బోర్లిస్తారు. ఇక్కడ ఓట్లు లెక్కపెట్టరు. పోలింగ్ స్టేషన్ అధికారి రాసిచ్చిన లెక్కకీ పెట్టెలోని కాగితాల సంఖ్యకీ పొంతన ఉందా లేదా అన్నదే చూస్తారు. అయితే నిబంధన ప్రకారం కాగితాలు ముఖం పైకే ఉండాలి. అసలు ఆట అక్కడుంది. సిబ్బంది కాగితాలు విప్పి పేరుస్తుంటే, ఎదురుగా ఉన్న ఏజెంట్లు గుర్తులు చూసి గీతలు గీసుకుంటారు. పెట్టె మీద పోలింగ్ స్టేషన్ నంబరు ఉంటుంది కాబట్టి ఏ వీధుల వాళ్లు ఎటు మొగ్గారో కూడా తెలిసిపోతుంది. ఈ అవకాశం అప్పుడే. తర్వాత వేర్వేరు పెట్టెల కాగితాలనూ పోస్టల్ ఓట్లనూ కలిపేస్తారు, ఇక వీధి లెక్క ఎవరికీ దొరకదు.

మా పక్షాన ఎన్నో ఎన్నికలు చూసిన ఒక పెద్దావిడ నా పక్కన నిలబడింది. నేను ప్రతి కాగితాన్నీ పట్టుకోవాలని ఆత్రపడుతుంటే ఆపింది. అన్నీ చూడలేవు, ఒకే మనిషి చేతుల్ని చూడు, కనిపించినవే గీయి, కనిపించనివి ఊహించకు అంది. మాకు ఆడిటింగ్‌లో శాంపిల్ తీయడం నేర్పినవాళ్లు కూడా ఇంత సూటిగా చెప్పలేదు.

రెండు పెట్టెలు అయ్యేసరికి నా ప్యాడ్ మీద ఒక విచిత్రం కనపడింది. మా పార్టీ అభ్యర్థులు ఇద్దరు, అన్నా, ఇంకొకావిడా. ఒకే కరపత్రం, ఒకే ఫొటో, ఒకే వీధులు తిరిగారు. కానీ ఆ రెండో అభ్యర్థికి పడ్డ గీతలు అన్నకి పడటం లేదు. బ్యాలెట్ పేపర్ మీద పేర్లు పార్టీల వారీగా ఉండవు, ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి. ఆమె పేరు పైన ఎక్కడో ఉంది. అన్న ఇంటిపేరు ఇంగ్లీషు వర్ణమాల చివరి అక్షరాల్లోది, అట్టడుగున ఉంది. ఓటరు పైనుంచి చదువుకుంటూ వచ్చి, తన పార్టీ గుర్తు దగ్గర ఇంటూ గుర్తు పెట్టి, కాగితం మడిచేస్తున్నాడు. కింద ఇంకొకరు ఉన్నారని చాలామంది చూడనే లేదు. రెండో ఓటు వాడకపోయినా కాగితం చెల్లుతుంది మరి.

ఇంకోటి కూడా కనపడింది. ఒక ఓటు ఈ పార్టీకి, ఇంకోటి ఆ పార్టీకి వేసినవాళ్లు నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. గాలి అటు వీచింది, ఇటు వీచింది అని టీవీలో చెప్పే మాటల మీద నాకు ఆ టేబుల్ దగ్గరే నమ్మకం తగ్గింది. ఒక మనిషి కాగితం మీదే రెండు గాలులున్నాయి.

అసలు లెక్కింపు మొదలయ్యాక ఈ కాగితాలే ఆలస్యం చేస్తాయి. రెండు ఓట్లూ ఒకే పార్టీకి వేసినవి కట్టలు కట్టి పక్కన పెడతారు, అది చకచకా అయిపోతుంది. విడివిడిగా వేసినవీ, ఒక్క ఓటే వేసినవీ వేరే. వాటిని ఒక్కొక్కటిగా చదువుతూ, పేర్లు ముద్రించిన పొడవాటి పట్టీ మీద గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. ఒకరు చదవడం, ఒకరు రాయడం. మా వార్డులో ఆ కుప్పే పెద్దది. టెన్షన్ అంతా అక్కడే.

మధ్యలో అనుమానపు ఓట్ల పంచాయితీ. రిటర్నింగ్ ఆఫీసర్ తరఫు అధికారి ఒక్కో కాగితం ఎత్తి అందరికీ చూపించి నిర్ణయం చెబుతారు. ఇంటూకి బదులు టిక్కు పెట్టినా, ఓటరు ఉద్దేశం తెలుస్తోంది కాబట్టి చెల్లుతుంది. ముగ్గురికి వేస్తే చెల్లదు. ఎవరో పాపం ఓటు వేసి కింద సంతకం కూడా చేశారు. ఓటరు ఎవరో తెలిసిపోతుంది కాబట్టి అదీ పోయింది. 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు కూడా బ్యాలెట్ పేపర్లతోనే జరిగాయి గుర్తుందా? స్వస్తిక్ ముద్ర కాక వేరే ముద్ర పడ్డ ఓట్లు చెల్లుతాయా అన్నది అక్కడ హైకోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ అభ్యర్థులు మెడలు చాచి చూసి, తల ఊపి, తర్వాతి కాగితానికి వెళ్లిపోయారు.

ఫలితం స్టేజి మీద ప్రకటించే ముందు అభ్యర్థుల్నీ ఏజెంట్లనీ ఒక పక్కకి పిలిచి అంకెలు చూపిస్తారు. రీకౌంట్ అడగాలంటే అదే సమయం. మా పార్టీ ఆమె గెలిచింది. రెండో సీటు అవతలి పార్టీకి పోయింది. అన్న మూడోవాడు. రీకౌంట్ అడిగేంత దగ్గరా కాదు, మర్చిపోయేంత దూరమూ కాదు. ఒకవేళ సమానంగా వస్తే చీటీలే. 2017లో నార్తంబర్లాండ్‌లోని సౌత్ బ్లైత్‌లో ఇద్దరికీ సమానంగా వచ్చి పుల్లలు తీయించారు, దానితో కన్సర్వేటివ్‌లకు కౌన్సిల్‌లో మెజారిటీ ఒక్క సీటుతో చేజారింది.

నాకు నా ప్యాడ్ వల్ల ముందే తెలుసు. అన్నకి చెప్పాలా వద్దా అన్నది తేలక, కాఫీ పట్టుకొచ్చి ఇచ్చాను. ఆయన నా మొహం చూసి "అర్థమైంది లే" అన్నాడు. స్టేజి మీద గెలిచినవాళ్లతో చేతులు కలిపి, వాళ్లతో నవ్వుతూ ఫొటో దిగాడు. వాకిట్లోకి వచ్చాక మాత్రం అక్షరమాల కనిపెట్టినవాణ్ణి కాసేపు తిట్టాడు. నేనైతే అక్షరాల మీదే మొత్తం నెట్టను. తెలియని పేరు చూసి ఆగిపోయిన చేతులు కూడా కొన్ని ఉండే ఉంటాయి, కానీ కాగితం మీద ఆ కారణం రాసి ఉండదు.

ఊరి మొత్తం ఫలితం ఇంకా తమాషా. ఆ రోజు ఇంగ్లండ్ అంతటా కన్సర్వేటివ్‌లు వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకున్నారు. స్లౌలో మాత్రం కౌన్సిల్‌ని నడుపుతున్న లేబర్ 18కి పడిపోయింది, కన్సర్వేటివ్‌లకు 21, లిబరల్ డెమొక్రాట్లకు 3. మెజారిటీకి 22 కావాలి, ఒక్కటి తక్కువ. చివరికి ఆ ముగ్గురి మద్దతుతో కన్సర్వేటివ్‌లు పగ్గాలు పట్టారు. మర్నాడో ఆ మర్నాడో రాజు చార్లెస్ పట్టాభిషేకం హడావుడిలో దేశం ఈ అంకెల్ని పట్టించుకోలేదు గానీ, అప్పుల కుప్ప నెత్తిన పెట్టుకున్న ఊరికి ఆ ఒక్క సీటు తేడా మామూలుది కాదు.

తర్వాతి ఎన్నికలు 2027లో. అన్న మళ్లీ నిలబడతానంటున్నాడు. ఈసారి కరపత్రం మీద ఫొటో చిన్నది చేసి, నమూనా బ్యాలెట్ పెద్దగా వేయించమని చెప్పాను. పైన ఒక గుర్తు, అట్టడుగున ఒక గుర్తు, పక్కన "మీకు రెండు ఓట్లు" అని. తలుపు తీయగానే చెప్పాల్సిన మొదటి మాట కూడా అదే అని ఇద్దరం ఒప్పుకున్నాం, పార్కింగ్ సంగతి తర్వాత.