ఏ పద్దు కింద రాయాలి?

ఇవాళ గ్రామసభకు వెళ్లాను. నల్గొండ జిల్లా మునుగోడు దిక్కు ఊళ్లలో పదిహేడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను కానీ, గ్రామసభకు వెళ్లింది మూడో నాలుగో సార్లే. అదీ జెండా వందనం అయ్యాక పిల్లలతో పాటు కూర్చోవడమే. ఇవాళ మాత్రం బడి పిల్లల్ని పొగాకు నుంచి తప్పించే పనికి పంచాయతీని డబ్బు అడగడానికి, చేతిలో ఒక కాగితం పట్టుకుని వెళ్లాను.

దీనికి మొదలు పోయిన గురువారం. బడిలో పళ్ల పరీక్ష జరిగింది. డాక్టరమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టి, మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోమంది. ఎవరి వేళ్లు వాళ్ల నోట్లో. పిల్లలకు అదో ఆటలా ఉంది, ఒకరిని చూసి ఒకరు నవ్వుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడి దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్లే పట్టాయి. మూడోది పళ్లకు తగిలి ఆగిపోయింది. వాడు తల పైకెత్తి, దవడ పక్కకు జరిపి మళ్లీ చూశాడు. పట్టలేదు. డాక్టరమ్మ టార్చి వేసి నన్ను దగ్గరికి పిలిచింది. బుగ్గ లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. వేలితో తడిమితే లోపల తాళ్లలా గట్టిగా తగులుతోందని చెప్పింది. "కారం తింటే మంటైతదా?" అని అడిగితే వాడు నా వైపు చూసి, తల దించుకుని, అవునన్నట్టు ఊపాడు.

వాడి పళ్ల మీద గారను నేను రెండేళ్లుగా చూస్తున్నాను. మా వైపు పళ్ల మీద మచ్చ కనిపిస్తే నీళ్లలోని ఫ్లోరైడే అనుకుంటాం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో పుట్టి పెరిగిన ఎవరికైనా ముందు తోచేది అదే. నేనూ అదే అనుకుని ఊరుకున్నాను. రోజూ నా ముందు బెంచీలో కూర్చునే పిల్లాడి నోట్లో ఏముందో రెండేళ్లు కనిపెట్టలేకపోయాను. ఈ సంగతి రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

అది గుట్కా. అందులోని వక్క నోటి లోపలి పొరను గట్టిపరుస్తుంది. నోరు తెరుచుకోవడం మెల్లమెల్లగా తగ్గిపోతుంది. పొగాకు దానికి తోడవుతుంది. ఇప్పుడు మానేస్తే ఇంకా ముదరకుండా ఆపవచ్చు గానీ, పోయిన మెత్తదనం పూర్తిగా తిరిగి రాదట. వదిలేస్తే కొందరికి క్యాన్సర్‌గా మారుతుందట. మధ్యాహ్న భోజనం తర్వాత వాణ్ణి పక్కకు పిలిచి అడిగాను. ఏడో తరగతి దసరా సెలవుల్లో పత్తి ఏరబోయినప్పుడు పక్క సాలులో ఏరేవాళ్లు ఇచ్చారట. "వేసుకుంటే ఆకలి తెల్వదు మేడమ్" అన్నాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

మర్నాడు పీఈటీ సార్ టేపు తెచ్చాడు. బడి ప్రహరీ నుంచి పాన్ డబ్బా దాకా కొలిచాం. 54 మీటర్లు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపల, అంటే సుమారు 91 మీటర్ల లోపల, పొగాకు అమ్మకూడదు. 18 ఏళ్లు నిండని వాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. ఆ చట్టం వచ్చేనాటికి ఈ పిల్లాడు పుట్టనే లేదు. గుట్కా మీదైతే రాష్ట్రంలో నిషేధం ఉత్తర్వులే ఇస్తూ వచ్చారు, 2024 మేలో కూడా మరో ఏడాదికి ఇచ్చారు. అయినా అడిగిన చేతికి దొరుకుతోంది. డబ్బా ఆయన చెడ్డవాడని నేను అనను. "జరుపుమంటే జరుపుత మేడమ్, ఇంకో జాగ చూపియ్యుండ్రి" అన్నాడు. ఆ జాగ చూపించాల్సింది పంచాయతీయే.

అందుకే ఇవాళ వెళ్లాను. సీసీ రోడ్డు, మోరీలు, వీధి దీపాలు, కోతుల బాధ అయ్యాక నా వంతు వచ్చింది. కాగితం చదివాను. వంద గజాల దగ్గర పసుపు గీత, రెండు బోర్డులు, ఏడాదికి రెండుసార్లు నోటి పరీక్ష, పత్తి సీజన్‌కు ముందు తల్లిదండ్రులతో ఒక మీటింగ్, మానాలనుకునే వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో ఖర్చు. అంతా కలిపి 18 వేలు.

కార్యదర్శి కుర్రాడు, మంచివాడు. పెన్ను పట్టుకుని, "మంచిదే మేడమ్. కానీ ఏ పద్దు కింద రాయాలె?" అన్నాడు.

అడగడంలో తప్పు లేదు. ప్రభుత్వ డబ్బుకు పద్దు కావాలి. ఆ ప్రశ్న వస్తుందనే నేను చదువుకుని వెళ్లాను. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో ఉన్నాయి, 23వది ఆరోగ్యం, పారిశుధ్యం. 2025-26 దాకా వర్తించే 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం, కేంద్రం పంచాయతీకిచ్చే గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికి పోగా, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి ఈ అంశాల మీద పెట్టుకోవచ్చు, జీతాలకు తప్ప. ఊరి ఆరోగ్య కమిటీకి ఏడాదికి పదివేల దాకా విడిగా వస్తుంది. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08 నుంచి ఉంది, దానికి జిల్లా స్థాయిలో విభాగమూ ఉంది. కానీ అక్కడి నుంచి మా ఊరి దాకా వచ్చేసరికి మిగిలేది పొగాకు వ్యతిరేక దినమైన మే 31న ఒక బ్యానరు, ఒక ర్యాలీ. మే 31న మా బడికి తాళం ఉంటుంది. వేసవి సెలవులు.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. మోకాళ్లు వంగిపోయి, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "టీచరమ్మా, ఎవని అలవాటు వానిది. దానికి పంచాతి పైసలెందుకు?" అన్నాడు. ఆయన మోకాళ్లు చూస్తూ ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. తర్వాత అన్నాను: "పెద్దయ్యా, మీ కాళ్లు వంగితే కూడా ముందు కర్మ అనే అన్నరు గదా. ఫ్లోరైడ్ నీళ్లల్లనే ఉన్నదని తెలిసినంక ఊరికి పైపులు ఎయ్యాలన్నరు. 2015ల చౌటుప్పల్‌ల మంచినీళ్ల పథకానికి పైలాన్ కట్టిండ్రు, నీళ్లొచ్చినయి. పన్నెండేండ్ల పోరనికి ఆకలి తెల్వకుండ ఎవరో చేతిల పెట్టిండ్రు. అది వాని అలవాటు ఎట్లయితది?" ఆయన మాట్లాడలేదు. కూర్చున్నాడు. ఆయన్ని నొప్పించానేమో అనిపించి, సభ అయ్యాక దగ్గరికి వెళ్లాను. "నా మన్మడు గూడ ఎన్మిదిల ఉన్నడు, జర సూడుండ్రి" అన్నాడు.

మా నాన్న బీడీలు తాగేవాడు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగిన తిరుగుడులో రెండెకరాల బత్తాయి తోట పోయింది. తోట పోయాక ఆరు నెలలకు నాన్న పోయాడు. సభలో ఇది చెప్పలేదు. చెబితే గొంతు నిలవదు.

చివరికి సర్పంచమ్మ, "ముందుగాల ఆరువేలు రాయుండ్రి, గీతకు, బోర్డులకు, ఒక పరీక్షకు. మిగతాది వచ్చే మీటింగుల చూద్దాం" అంది. కార్యదర్శి తీర్మానాల పుస్తకంలో "ఆరోగ్యం: బడి పిల్లల్లో పొగాకు నివారణ" అని రాశాడు. ఆ పక్కన అంకె వేసేదాకా నిలబడి చూశాను. 18 వేలు అడిగి ఆరుతో రావడం బాధగానే ఉంది. ఆటో ఖర్చు కొట్టేశారు, అసలు కావాల్సింది అదే. వచ్చే మీటింగ్‌కు మళ్లీ వెళ్తాను. డబ్బాకు ఏ జాగ ఇస్తారో ఇవాళ తేలలేదు, దాని మీద కూడా అడగాలి.

బడికి తిరిగి వచ్చాక ఆ పిల్లాడు ఐస్‌క్రీం పుల్లల కట్ట తెచ్చి చూపించాడు. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు అది. పళ్ల మధ్య పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టుకోవాలి, అలవాటైన కొద్దీ ఒక్కొక్కటి పెంచాలి. నా ముందే పేర్చుకున్నాడు, నేను లెక్కపెట్టాను. నిన్న పన్నెండు. ఇవాళ కూడా పన్నెండే.