సెప్సిస్ లెక్క ఎక్కడ తప్పిపోతుంది?

ఐసీయూ బయట కూర్చున్న బంధువులకు తరచుగా వినిపించే మాట "ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది" అన్నది. కంగారులో ఉన్నవారికి చెప్పడానికి అది సులువైన మాటే గానీ, సెప్సిస్ అంటే సరిగ్గా అది కాదు. బ్లడ్ కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా కనిపించని రోగుల్లోనూ సెప్సిస్ ఉంటుంది. వైరస్‌ల వల్లా, మలేరియా వల్లా, స్క్రబ్ టైఫస్ వల్లా అది రావచ్చు. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రకటించిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీర ప్రతిస్పందన అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసి, ప్రాణాపాయానికి దారితీసే స్థితి సెప్సిస్.

అంతకుముందు 1991 నాటి నిర్వచనం అమల్లో ఉండేది. శరీర ఉష్ణోగ్రత, గుండె వేగం, శ్వాస వేగం, తెల్లరక్తకణాల సంఖ్య అనే నాలుగింటిలో రెండు హద్దు దాటి, దానికి ఇన్ఫెక్షన్ తోడైతే సెప్సిస్ అనేవారు. ఆ లెక్కన జ్వరంతో గుండె వేగం పెరిగిన ఫ్లూ రోగిని కూడా అందులో చేర్చవచ్చు. కొత్త పద్ధతిలో ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, ప్లేట్‌లెట్లు, రక్తపోటు, స్పృహ ఎంత దెబ్బతిన్నాయో సోఫా అనే స్కోరుతో చూస్తారు. ఇన్ఫెక్షన్ వల్ల ఆ స్కోరు రెండు పాయింట్లు పెరిగితే, ఆసుపత్రిలో మరణించే అవకాశం సుమారు 10 శాతం ఉంటుంది. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే సెప్టిక్ షాక్ దశ అయితే 40 శాతం దాటుతుంది. గుండెపోటుకు భయపడినంతగా మనం దీనికి భయపడకపోవడం నాకు వింతగా తోస్తుంది.

ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇంకా చిక్కైనది. 2016 నాటి ఒక అంచనా ప్రపంచవ్యాప్తంగా ఏటా 3.15 కోట్ల కేసులు, 53 లక్షల మరణాలు అని చెప్పింది; అయితే దానికి ఆధారం సంపన్న దేశాల ఆసుపత్రుల సమాచారమే. 2020 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం మరణ ధ్రువీకరణ రికార్డులను కూడా పరిశీలించి, 2017లో 4.89 కోట్ల కేసులు, 1.1 కోట్ల మరణాలు ఉంటాయని తేల్చింది. అంటే ఆ ఏడాది ప్రపంచంలో సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకటి సెప్సిస్‌తో ముడిపడినదే. కేసుల్లో 2 కోట్లకు పైగా ఐదేళ్లలోపు పిల్లలవి. మొత్తం కేసుల్లో సుమారు 85 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనివి.

మరణాల సంఖ్య ఇలా రెట్టింపు కావడానికి ముఖ్య కారణం మరణాన్ని నమోదు చేసే తీరులో ఉంది. మధుమేహం ఉన్న మనిషికి కాలి పుండు ముదిరి సెప్సిస్ వచ్చి, మూత్రపిండాలు పనిచేయక చనిపోతే, గణాంకాల్లో మూలకారణంగా మధుమేహమే మిగులుతుంది. న్యుమోనియాతోనో, ప్రసవానంతర ఇన్ఫెక్షన్‌తోనో పోయినవారి సంగతీ ఇంతే. పై అధ్యయనం మూలకారణం దగ్గర ఆగకుండా, మధ్యలో నమోదైన కారణాలను కూడా లెక్కలోకి తీసుకుంది.

మన దేశంలో ఆ మధ్య కారణాలు కాగితం మీదికి వచ్చేదే తక్కువ. 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. రోగాల వర్గీకరణ సంకేతాలను (కోడ్‌లను) మెరుగ్గా వాడి సెప్సిస్ వ్యాప్తిని తేల్చాలని ప్రపంచ ఆరోగ్య సభ 2017 మేలోనే సభ్యదేశాలను కోరింది. ఇంటి దగ్గర జ్వరంతో పోయిన మనిషి విషయంలో ఆ సంకేతం వేయడానికి తగిన కాగితమే పుట్టదు.