హెచ్ఐవీ టెస్ట్ ఎన్ని రోజులకి ఫైనల్? నా అనుభవం

కండోమ్ చిరిగిపోయింది అని చూసుకున్న దగ్గర్నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న తిరిగేది, టెస్ట్ ఎప్పుడు చేయించుకుంటే ఇంక అదే ఫైనల్ అనుకోవచ్చు అని. ఒకళ్ళు నెల చాలంటారు, ఒకళ్ళు మూడు నెలలంటారు, ఇంకొకళ్ళు ఆరు నెలలు ఆగాల్సిందే అంటారు. ఇవన్నీ వింటుంటే నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు. ఇప్పుడు ఇదే టెన్షన్‌లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒకటి, మీకు జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే ఇది తర్వాత చదువుకోవచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి ప్లీజ్. పెప్ అని హెచ్ఐవీ అంటుకోకుండా ఆపడానికి వాడే మందులు ఉన్నాయి, 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తాయి. నాకు దీని గురించి తెలిసేసరికే ఆ టైమ్ దాటిపోయింది, ఇంక నాకు మిగిలింది టెస్ట్ కోసం ఆగడమే.

డాక్టర్ మేడమ్ దగ్గర కూర్చోగానే "ఎన్ని రోజులు ఆగాలి మేడమ్" అని అడిగా. ఆవిడ "ముందు ఏ టెస్ట్ చేయించుకుంటావో చెప్పు, అప్పుడు రోజులు చెప్తా" అన్నారు. అసలు విషయం మొత్తం అక్కడే ఉందని నాకు అప్పుడే అర్థమైంది. వైరస్ ఒంట్లోకి వెళ్ళిన వెంటనే ఏ టెస్టూ పట్టుకోలేదంట. ముందు రక్తంలో వైరస్ ఆర్ఎన్ఏ, అంటే దాని జన్యుపదార్థం, కనిపిస్తుంది, దాన్ని నాట్ టెస్ట్ పడుతుంది, 10 నుంచి 33 రోజులు. తర్వాత పీ24 అనే యాంటిజెన్, అంటే వైరస్‌లోని ఒక ప్రోటీన్, వస్తుంది, ఆ తర్వాత వైరస్‌తో పోరాడటానికి మన ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్ట్ పీ24నీ యాంటీబాడీలనీ కలిపి చూస్తుంది, దానికి 18 నుంచి 45 రోజులు. యాంటీబాడీలు మాత్రమే చూసేవాటికి 23 నుంచి 90 రోజులు, వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్ట్‌లూ ఇంట్లో చేసుకునే కిట్లూ చాలావరకు ఇలాంటివే, పీ24 కూడా చూసే ర్యాపిడ్ టెస్ట్ అయినా 90 రోజులదాకా లెక్కేసుకోవాల్సిందే. రెండు అంకెలు ఎందుకంటే కొందరిలో తొందరగా బయటపడుతుంది, కొందరిలో లేటవుతుంది, అందుకే ఫైనల్ అనుకోవాలంటే పెద్ద అంకె దాటాలి. ఆ ఆరు నెలల మాట పాత టెస్ట్‌ల కాలంలోదంట, జనం నోళ్ళలో ఇంకా అలాగే ఉండిపోయింది.

ల్యాబ్‌కి వెళ్తే స్లిప్ మీద ఉత్త హెచ్ఐవీ 1, 2 అని రాసుంది, అది ఏ రకమో దాన్ని చూస్తే తెలీదు. కాస్త మొహమాటపడుతూనే "అన్నా, ఇందులో పీ24 కూడా చూస్తారా, ఉత్త యాంటీబాడీలేనా" అని అడిగా. ఆయన ఏమీ అనుకోలేదు, లోపల్నుంచి కిట్ డబ్బా తెచ్చి నావైపు తిప్పి చూపించాడు, దాని మీద ఏజీ/ఏబీ కాంబో అని ఉంది, అంటే యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసేది. అది చూశాకే నా 45 రోజుల లెక్క మొదలైంది. మీరు కూడా సిగ్గుపడకుండా అడగండి, వాళ్ళకి ఇవి రోజూ వినే ప్రశ్నలే.

నాలుగు వారాలు దాటాక ఒకసారి చేయించుకున్నా, నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్, వచ్చింది. చాలా మంచి సూచనే కానీ ఇంకోసారి చేయాలి అన్నారు మేడమ్. ఆ మధ్యలో రోజులే నరకం. గొంతు కొంచెం గరగరలాడినా ఇదే అనుకునేవాణ్ణి, మెడ కింద గడ్డలున్నాయేమో అని వేళ్ళతో నొక్కీ నొక్కీ చూసుకునేవాణ్ణి, అంతలా నొక్కితే అక్కడ నొప్పి పుట్టదా మరి, ఆ నొప్పి చూసి మళ్ళీ భయం. లక్షణాలు వచ్చేవాళ్ళకి సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో వస్తాయి కానీ అవి ఏ వైరల్ జ్వరానికైనా ఉండేవే, కొంతమందికి అసలేమీ రావు కూడా, కాబట్టి లక్షణాలని బట్టి అవునని గానీ కాదని గానీ చెప్పలేం అని మేడమ్ ఓపిగ్గా చెప్పారు.

45 రోజులు దాటాక అదే ల్యాబ్‌లో అదే టెస్ట్ మళ్ళీ చేయించా. రిపోర్ట్‌లో నాన్ రియాక్టివ్ అనే ఉంది కానీ పక్కనున్న వాల్యూ మొదటిసారి కంటే కొంచెం పెరిగింది, అది చూసి నా చేతులు వణికాయి. కటాఫ్ 1 అని ఉంది, నాది దానికి దరిదాపుల్లో కూడా లేదు, ఐనా ఎందుకు పెరిగింది అని. మేడమ్ చూసి కటాఫ్ కంటే తక్కువుంటే ఆ అంకెకి వేరే అర్థమేమీ లేదు, మెషిన్‌లో ప్రతిసారీ కొంచెం అటూఇటూ వస్తుంది, హెచ్ఐవీ విషయం ఇంక వదిలెయ్ అన్నారు. ఆ మాట విని బయట కుర్చీలో కూర్చుని ఏడ్చేశా.

పెప్ వాడినవాళ్ళు రోజులు లెక్కేసేది జరిగిన రోజు నుంచి కాదు, కోర్సు అయిపోయిన రోజు నుంచి, ఎందుకంటే ఆ మందులు ఫలితం లేటుగా బయటపడేలా చేయొచ్చు. ప్రెప్, అంటే హెచ్ఐవీ రాకుండా ముందునుంచే వాడే మందులు, వాడేవాళ్ళు కూడా డాక్టర్‌తో మాట్లాడే లెక్క తేల్చుకోవాలి. ఒకవేళ రియాక్టివ్ అని వస్తే అదొక్కటే చూసి ప్రాణం మీదకి తెచ్చుకోకండి, ఇంకో టెస్ట్‌తో కన్‌ఫర్మ్ చేశాకే చెప్తారు, పాజిటివ్ అని తేలినా మందులు టైమ్‌కి వాడితే అందరిలాగే బతకొచ్చు. ఫైనల్ రిపోర్ట్ వచ్చేదాకా రక్తం ఇవ్వకూడదు, కండోమ్ లేకుండా కలవకూడదు, అంతే, కలిసి తినడానికీ పిల్లల్ని ఎత్తుకోవడానికీ ఏ భయమూ అక్కర్లేదు.

సిఫిలిస్ అని సెక్స్ ద్వారా వచ్చే ఇంకో జబ్బుకి మాత్రం మూడు నెలలు నిండాక ఇంకోసారి చూపించుకోమన్నారు, దాని లెక్క వేరంట, వచ్చే వారం దానికి వెళ్తున్నా.