నాకు టెన్షన్ జనవరిలో

ఎండాకాలం మొదలైతే చాలు, మా చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "కరెంటు పోతే మీ టీకాలు ఖరాబు కావా?" ములుగు వైపు ఒక పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా పదకొండేళ్ల నుంచి టీకాల స్టాకు చూస్తున్నాను. కరెంటు గురించి నాకంత భయం లేదు. టీకాలు దాచే ఫ్రిజ్, మేం ఐఎల్ఆర్ అంటాం, దాని గోడల్లోనే ఐస్ ఉంటుంది, మాటిమాటికీ మూత తీయకపోతే గంటల తరబడి చల్లదనం ఆగుతుంది. పొద్దున, సాయంత్రం థర్మామీటర్ చూసి రాస్తాం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలంలో నన్ను సతాయించేది నీళ్ల బాటిళ్లు. "ఒక్కటే మేడం, పక్కకు పెట్టుకుంటా" అని మా స్టాఫే వస్తారు. తాళంచెవి నా మెడలోనే ఉంటుంది.

నా టెన్షన్ అంతా జనవరిలో.

వేడి తగిలితే సీసానే చెబుతుంది. దాని మీద ఒక గుండ్రం, గుండ్రంలో చిన్న చదరం ఉంటాయి. చదరం నల్లబడుతూ వచ్చి గుండ్రం రంగుతో సమానమైందంటే ఆ సీసా ఇక వాడొద్దు. మా ఆయమ్మ కూడా దూరం నుంచి చూసి చెప్పేస్తుంది. గడ్డకట్టిన సంగతి మాత్రం ఆ చదరానికి తెలియదు. పెంటా (అయిదు జబ్బులకు కలిపి ఒకే టీకా), టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), హెపటైటిస్ బి ఒకసారి గడ్డకట్టి కరిగితే పనికిరావు, చదరం మాత్రం తెల్లగానే ఉంటుంది. పోలియో చుక్కల మందుకు, ఎంఆర్‌కు (తట్టు, రుబెల్లా టీకా), బీసీజీకి ఆ బాధ లేదు, వాటికి వేడే శత్రువు. అందుకే ఐఎల్ఆర్‌లో అవి అడుగున, పెంటా, టీడీలు పైన బుట్టల్లో.

బుధవారం, శనివారం ఊళ్లలో టీకాలు. టీకాలు చల్లగా మోసుకెళ్లే డబ్బాను క్యారియర్ అంటాం, ఒక్కొక్కదానికి నాలుగు ఐస్‌ప్యాకులు. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టు పెట్టకూడదు. బయట పరిచి, వాటికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు గలగలమనేదాకా ఆగాలి. మే నెలలో అరగంట కూడా పట్టదు. జనవరి పొద్దుట మా స్టోర్ గదిలో గంట దాటినా రాయిలాగే ఉంటాయి.

మూడేళ్ల కింద, సంక్రాంతి అయిపోయాక వచ్చిన బుధవారం. పొగమంచు, బస్సు ఆలస్యం, నేను చేరేసరికి ఎనిమిది దాటింది. క్యారియర్లు తీసుకెళ్లే తమ్ముడు బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. నాలుగు ఊళ్లకు పదహారు ప్యాకులు తీసి పరిచాను. కాసేపాగి ఒకదాన్ని ఊపితే గలగలమంది. మిగతా పదిహేను ఊపలేదు. సర్దేసి పంపాను.

పదకొండింటికి ఒక గూడెం నుంచి ఏఎన్ఎం ఫోన్. "మేడం, పెంటా సీసాలల్ల ఐసు పలుకులు కనబడుతున్నయ్. ఏం జెయ్యాలె? తల్లులు ముంగట్నే కూసున్నరు." సూదిలోకి మందు ఎక్కించే ముందు సీసాను వెలుతురుకు పెట్టి చూసే అలవాటు ఆమెకుంది. లేకపోతే ఆ మందే ఎక్కేది. పిల్లలకు టీకా అయిందని కార్డులో రాసేవాళ్లం, ఒంట్లో మాత్రం రక్షణ ఉండేది కాదు.

నాలుగు ఊళ్లలో పెంటా, టీడీ ఆపించాను. ఆ గూడెంలో పెంటా కోసం ఆరుగురు పిల్లలు. అది మిరపకాయ ఏరే కాలం, ఆ తల్లులంతా ఆ రోజు కూలి వదులుకుని కూర్చున్నవాళ్లు.

సాయంత్రానికి క్యారియర్లన్నీ తిరిగొచ్చాయి. పలుకులు కట్టినవి రెండు పెంటా సీసాలు, వాటి గురించి ఆలోచించేదేం లేదు. చిక్కు మిగతా వాటితో: చూడ్డానికి బాగానే ఉన్నాయి, కానీ ప్రయాణించింది అవే ప్యాకుల మధ్య. ట్రైనింగ్‌లో నేర్పిన షేక్ టెస్టు మొదటిసారి నిజంగా చేసింది అప్పుడే. పాడైన సీసాల్లో ఒకటి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పూర్తిగా గడ్డకట్టించి, పొద్దున కరిగించాను. అదే బ్యాచ్ అనుమానపు సీసాను పక్కన పట్టుకుని రెండూ కలిపి ఊపి బల్ల మీద పెట్టాను. అరగంటలో గడ్డకట్టించిన దాంట్లో పైన నీరు తేరి, సున్నపు నీళ్లలోలాగా అడుగున మడ్డి దిగింది. రెండోది ఇంకా పల్చటి మజ్జిగలా ఉంటే బాగున్నట్టు. ఒక క్యారియర్ పెంటా అలాగే ఉంది. ఇంకోదాంట్లోది మొదటి సీసాతో పోటీపడి తేరింది. టీడీకి విడిగా మళ్లీ అదే తతంగం.

మొత్తం ఏడు సీసాలు పోయాయి. టీకాల స్టాకు లెక్క రాసే ఈవిన్ యాప్‌లో వాటికి కారణం నమోదు చేయాలి. వాడకంలో కలిపేస్తే ఎవరికీ తెలియదని ఒకరు చెవిలో చెప్పారు. నిజమే, పది డోసుల సీసాలతో లెక్క కాస్త అటూఇటూ కావడం మామూలే. బీసీజీ ఒక్క బిడ్డ కోసం తెరిచి, నాలుగు గంటలయ్యాక మిగిలింది పారేయడం మాకు కొత్త కాదు, దానికి నేనెప్పుడూ బాధపడను. ఇది వేరు. గడ్డకట్టి పోయినట్టే రాసి, మా డాక్టర్ గారి ముందు నిలబడ్డాను. ఆయన అరవలేదు. "పదహారూ ఊపారా?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు చలికాలంలో బుధ, శనివారాలు మొదటి బస్సుకే వస్తున్నాను. ప్యాకులు వరసగా పరిచి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంటే ఆ తమ్ముడు నవ్వుతాడు: "అక్కా, గిదేమన్న కొబ్బరికాయనా?"

తర్వాతి బుధవారం ఆ గూడెంలో అయిదుగురు పిల్లలే వచ్చారు. ఆరో బిడ్డ తల్లి మిర్చి చేనుకు పోయింది. మా ఆశా కార్యకర్త శనివారం తన భర్త బండి మీద ఆ చేను దాకా పోయి, తల్లినీ బిడ్డనూ ఎక్కించుకొచ్చింది. తల్లి వేళ్లకు మిరప ఘాటు అంటుకుని ఉందని, ముందు సబ్బుతో చేతులు కడిగించి, అప్పుడు బిడ్డను ఒడిలో పట్టుకోమన్నారట.