రెండు నెలల నోటీసు

నేను దగ్గరుండి ఏసీల్లో గ్యాస్ నింపడం నేర్పిన నేపాలీ కుర్రాడు మొన్న నన్ను కడిగేశాడు. “భాయ్, ఎనిమిదో అంతస్తు గోడ బయట నిలబడి అవుట్‌డోర్ యూనిట్ విప్పుతావు. కాగితానికి భయపడతావా?”

కాగితం అంటే కంపెనీ మారే నోటీసు. ఖతర్‌లో 2020 దాకా పాత కంపెనీ ‘మాకు అభ్యంతరం లేదు’ అని ఎన్‌ఓసీ ఇస్తేనే ఇంకోచోట చేరాలి. ఆ ఏడాది అది తీసేశారు. సర్వీసు రెండేళ్లలోపు ఉంటే నెల నోటీసు, దాటితే రెండు నెలలు. రూమ్‌లో అందరికీ ఈ లెక్క చెప్పేది నేనే. వాడికీ నేనే చెప్పాను. వాడు విని వెళ్లిపోయాడు. నేను 1,400 రియాళ్ల దగ్గరే ఉండిపోయాను.

వాడికేం, పెళ్లా పిల్లలా అనుకున్నాను. మాది జగిత్యాల వైపు. ఏజెంటుకు కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిందే. ఇక్కడ ఒక్క నెల జీతం ఆగితే అక్కడ చిట్టీ ఆగుతుంది, చిన్నదాని ఫీజు ఆగుతుంది. పైగా మా ఊరికి ఖతర్ అయినా కువైట్ అయినా దుబాయే. కంపెనీ మారాడన్నా, కంపెనీ వదిలి పారిపోయి ఖల్లివెల్లి అయ్యాడన్నా వాళ్లకు ఒకటే.

కానీ వాడు మాత్రం అప్పు లేకుండా వచ్చాడా? మొదట్లో నా మంచం మీద కూర్చునే మిత్తి లెక్క వేసుకునేవాడు.

అసలు సంగతి వేరే. కొత్త కంపెనీలో ట్రయల్ చిల్లర్ మీద, అంటే పెద్ద బిల్డింగులను చల్లబరిచే పెద్ద మెషీన్ మీద పెడతారట. స్ప్లిట్ ఏసీ అయితే కళ్లు మూసుకుని చేస్తాను. చిల్లర్ ముట్టి మూడేళ్లయింది. పదేళ్ల అనుభవం అని చెప్పి, కుర్రాళ్ల ముందు వాల్వు దగ్గర తడబడితే? చిట్టీ, ఫీజు, ఊరు అని ఇన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నదాంట్లో ఈ చిల్లర్ మాట ఒక్కసారీ రాలేదు.

శుక్రవారం వాడి రూమ్‌కి వెళ్లాను. ఇప్పుడు వాడి పని చిల్లర్ల మీదే. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకున్నాడు, ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాడు. గురువునన్న సంగతి పక్కన పెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

రాత్రి ఇంటికి ఫోన్ చేసి, నోటీసు ఇస్తున్నానని నా భార్యకు చెప్పాను. భయపడుతుందేమో అనుకున్నాను.

“అక్కడ లీవు ఎన్నేళ్లకిస్తరు?” అంది.